పుల్లన్న పిలుపు

మడకశిర వైపు పల్లెల్లో గొర్రెలు మేపేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, గొర్రెల్ని పిలవడంలో మాత్రం పుల్లన్న తర్వాతే ఎవరైనా. గట్టెక్కి నిలబడి, నాలుకను అంగిట్లో ఆడించి "ట్ర్‌ర్‌ర్... హోయ్!" అన్నాడంటే చాలు, ఎక్కడో తుమ్మచెట్ల మధ్య మేస్తున్న జీవం కూడా నోట్లో ఆకు నమలడం మానేసి పరుగెత్తుకొచ్చేది. నూటపదికి నూటపదీ వచ్చేవి. ఈ సంగతి ఎవరైనా పొరుగూరివాళ్ళ ముందు ఎత్తితే పుల్లన్న చెయ్యి మీసం మీదికి పోయేది. పోదా మరి? నలభై ఏళ్ళు ఎండలో తిరిగి ఆయన సంపాదించుకున్నది ఆ జీవాలూ ఆ పిలుపూ, అంతే.

ఆ పిలుపే ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది. ఎట్లాగో వినండి.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఏప్రిల్ వచ్చేసరికి గుట్టల మీద గడ్డిపరక లేదు, కుంటల్లో తడి లేదు. తుంగభద్ర కాలువ కింద వరి కోసిన మళ్ళల్లో మేపు ఉందని కబురందింది. నడిపించుకుని పోతే వారం పైన పట్టే దారి. మందలో ముప్పై దాకా చూడి గొర్రెలున్నాయి, నేడో రేపో ఈనేవి. నీళ్ళు దొరకని దారిలో నడిపిస్తే అవి సగం దారిలోనే కూలబడతాయి. పుల్లన్నా, ఆయన భార్య చౌడమ్మా రెండు రాత్రులు ఆలోచించి, చివరికి లారీ మాట్లాడుకున్నారు.

లారీ మడకశిరలో ఉండే అబ్దుల్ గఫూర్‌ది. ఆరు చక్రాల బండి. గఫూర్‌కు యాభై ఐదేళ్ళుంటాయి. బక్కపలచని మనిషి, మాటలో గానీ నడకలో గానీ తొందరన్నది ఎరగడు. క్లీనర్‌ను పెట్టుకోడు, బండి పని అంతా తన చేతులతోనే చేసుకుంటాడు. తెల్లవారకముందే వచ్చి, లారీలో చెక్కలు పరిచి రెండంతస్తులు కట్టాడు. కింద అరవై, పైన యాభై జీవాల్ని ఎక్కించేసరికి పుల్లన్న గొంతు బొంగురుపోయింది, చౌడమ్మ నడుం పట్టేసింది.

బయల్దేరిన గంటకే పుల్లన్నకు డ్రైవర్ మీద ఒళ్ళు మండింది. బండి నలభై దాటితే ఒట్టు.

"ఏమప్పా సాబూ, లారీ తోల్తాండావా, పెండ్లికూతుర్ని నడిపిస్తాండావా?" అన్నాడు.

"లోపల నూటపది మంది పెండ్లికూతుర్లుండారు గదన్నా. అందులో ముప్పై మంది కడుపుతో ఉండారంటివి," అన్నాడు గఫూర్, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా.

చౌడమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పుల్లన్నకు ఇంకా మండింది. గొర్రెల సంగతి గొర్రెలాయనకే నేర్పుతాడా ఈ మనిషి!

కళ్యాణదుర్గం దాటి బెళుగుప్ప దారి పట్టారు. పొద్దు బాగా పైకెక్కింది. ఉన్నట్టుండి వెనక ఎడమవైపు ధబ్బుమని చప్పుడైంది. బండి ఒకసారి వెనక్కి కుంగినట్టయింది.

"ఆపు, ఆపు!" అని పుల్లన్న కేకేశాడు. గఫూర్ ఆపలేదు. బ్రేకు మీద కాలే పెట్టలేదు. స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకుని, వేగం దానంతటదే తగ్గేదాకా ఉండి, మెల్లగా ఇంకో రెండు వందల గజాలు పోనిచ్చాడు. రోడ్డు పక్క నేల చదునుగా, గట్టిగా ఉన్నచోట దించి నిలిపాడు.

"పగిలిన టైరును ఇంతదూరం ఈడ్చుకొస్తావేమప్పా? ఆడే నిలిపేదానికేమి?"

"ఆడ వాలుండాది, మలుపుండాది. వాలులో జాకీ నిలవదు, మలుపులో మనం ఎవరికీ కనపడము. ఈడైతే రెండూ బాగుండాయి," అని గఫూర్ కిందికి దిగాడు.

వంగి చూశాడు. వెనకవైపు పక్కకు రెండేసి చక్రాలు కదా, వాటిలో లోపలిది పగిలింది. బయటిదైతే ఒకటి ఊడదీసి ఒకటి బిగిస్తే సరిపోయేది. లోపలిది పోతే రెండూ ఊడదీయాలి. ఆ మాట విని పుల్లన్న నెత్తి కొట్టుకున్నాడు. చుట్టూ చూస్తే దున్ని వదిలేసిన ఎర్రచేలు, దూరంగా గుట్టల మీద బద్ధకంగా తిరుగుతున్న గాలిమరలు. చేల అవతల ఒక చీనీ తోట, అదే బత్తాయి తోట, తప్ప తలదాచుకోవడానికి దగ్గర్లో చెట్టన్నది లేదు. బండి నడుస్తున్నంతసేపూ లోపలికి గాలి కొట్టింది. ఇప్పుడు ఆ గాలీ లేదు. పది నిమిషాలకే జీవాలు నోళ్ళు తెరిచి వగర్చడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు పుల్లన్న చెవిలో పడుతుంటే ఆయనకు కాళ్ళు నిలవలేదు.

గఫూర్ మాత్రం నిదానంగా హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో వేసి, కుడివైపు చక్రాలకు ముందూ వెనకా తలకాయంత రాళ్ళు ఏరి తెచ్చి పెట్టాడు. తన ఎర్ర తువ్వాలు చౌడమ్మ చేతికిచ్చి, "అమ్మా, నువ్వు వెనక్కి నూట యాభై అడుగులు పోయి రోడ్డు పక్కన నిలబడల్ల. వచ్చే బండ్లకు ఇది ఊపు. రోడ్డు మీదికి మాత్రం రావద్దు," అన్నాడు. చౌడమ్మ మారు మాట్లాడకుండా పోయి నిలబడింది.

తర్వాత పానా తీసి, చక్రం నేల మీద ఉండగానే నట్లన్నీ ఒక చుట్టు వదులు చేశాడు. జాకీ కింద మందపాటి పలక వేశాడు. వేసి, కాలితో తొక్కి చూశాడు. మళ్ళీ తీసి, కింద మట్టి చదును చేసి మళ్ళీ వేశాడు. పుల్లన్న ఆ పక్కా ఈ పక్కా తిరుగుతూ, "ఇట్ల చేస్తే సందేళయితాది," అని గొణుగుతూనే ఉన్నాడు.

గఫూర్ లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని లారీని ఎగాదిగా చూశాడు.

"పుల్లన్నా, జీవాల్ని దించల్ల."

"ఏమంటివి?"

"ఈ బరువుతో ఎత్తకూడదు. సరుకైతే పెట్టినచోట ఉంటాది. ఇవి ప్రాణముండేవి, కదుల్తాయి. అన్నీ ఒక పక్కకు జరిగితే బండి జాకీ మీది నుంచి పడిపోతాది. దించు. గంటలో మళ్ళీ ఎక్కిస్తాం."

పుల్లన్న కయ్యిమన్నాడు. "గంటలోనా? పొద్దున గట్టు ఆనుకొని నిలిపితేనే రెండు గంటలు పట్టె ఎక్కించేదానికి! ఈడ గట్టు యాడుండాది? చూడి గొర్రెల్ని అంతెత్తు నుంచి దూకిస్తే కడుపులు పోవా? అదో, ఆడ చీనీ తోట ఉండాది. దాంట్లో పడినాయంటే ఆ రైతు నా తోలు తీస్తాడు. నువ్వు టైరు మార్చు సామీ. నా జీవాల సంగతి నేను చూసుకుంటా. గమ్మునుండమంటే గమ్మునుంటాయి అవి."

"జీవం మాట వింటాదా అన్నా?"

"నా మాట వింటాయి!" అన్నాడు పుల్లన్న. అన్నది నిజం. ఆయన మాట అవి వింటాయి. ఆ నిజమే కొంప ముంచబోతోందని ఆయనకు అప్పుడు తెలియదు.

ఇద్దరూ అక్కడే పది నిమిషాలు వాదులాడుకున్నారు. ఎండ చూస్తే మండిపోతోంది, గొర్రెలు చూస్తే రొప్పుతున్నాయి. చివరికి గఫూర్ మెత్తబడ్డాడు. మెత్తబడకుండా ఉండాల్సింది. తర్వాత ఆయనే ఆ మాట ఒప్పుకున్నాడు.

"సరే. ఒక్క మాట చెప్తా, విను. నేను చక్రం దగ్గరున్నంతసేపూ నువ్వు బండి దగ్గరికి రావద్దు. జీవాలకు నీ మొగం కనపడకూడదు. నువ్వు కనపడకుంటే అవి గమ్మునుంటాయి."

పుల్లన్న తల ఊపాడు. కాసేపు దూరంగా నిలబడి, జీవాలకు నీళ్ళు తేవడానికి పోతూ వెనక్కి తిరిగి చూస్తే, గఫూర్ ఇంకా పని ముగించలేదు. బండి ఎత్తి బయటి చక్రం ఊడదీశాడు గానీ, లోపలి దాని జోలికి పోలేదు. ఊడదీసిన చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, ఇరుసు కిందికి తోస్తున్నాడు. దాని మీద పాత రైలు పట్టాల కింది చెక్కదిమ్మె ఒకటి ఎక్కించి, ఇరుసుకూ దిమ్మెకూ మధ్య ఎంత సందుందో వేళ్ళు పెట్టి చూస్తున్నాడు. నాలుగు వేళ్ళ సందు కూడా లేదు.

"అదెందుకు మళ్ళా?" అని అరిచాడు పుల్లన్న.

"జాకీని నమ్మి చెయ్యి పెట్టేది మాకు అలవాటు లేదన్నా."

"మనిషికి ఇంత పిరికితనముంటే డ్రైవరెందుకైనట్ల!" అనేసి పుల్లన్న రెండు బక్కెట్లు పట్టుకుని చీనీ తోట వైపు నడిచాడు. పిరికితనం అన్నాడు. ఆ మాటను తర్వాత ఆయన ఎన్నిసార్లు తలుచుకుని తలుచుకుని సిగ్గుపడ్డాడో ఆ బీరప్ప దేవుడికే తెలియాలి.

తోటలో మనిషెవరూ లేరు. బోరు దగ్గర పశువుల కోసం కట్టిన తొట్టిలో మాత్రం నీళ్ళున్నాయి. పుల్లన్న ముందు మొహాన చల్లుకుని, ఎవరి తోటో ఏమో, వాళ్ళ కడుపు చల్లగుండాలని అనుకుంటూ రెండు బక్కెట్లూ నింపుకున్నాడు. చేను దాటి తిరిగి వస్తుంటే లారీ ఎడమ పక్క కనిపించింది. అడ్డచెక్కల సందుల్లోంచి మూతులు బయటపెట్టి, నాలుకలు వేలాడేసుకుని ఉన్నాయి జీవాలు. తెల్లమచ్చ ఉన్న ముసలి గొర్రె ఒకటి కళ్ళు తేలేసినట్టు కనిపించింది. 

చేతిలో నీళ్ళ బక్కెట్లు. ఎదురుగా దప్పికతో ఉన్న మంద. నలభై ఏళ్ళుగా ఈ రెండూ కలిసినప్పుడల్లా ఆ నోటి నుంచి వచ్చేది ఒకటే. ఆయన పిలుద్దామని అనుకోలేదు. పిలవకూడదనీ గుర్తు రాలేదు. నాలుక దానంతటదే ఆడింది.

"ట్ర్‌ర్‌ర్... హోయ్!"

నూటపది తలలు లేచాయి. కింది అంతస్తూ పై అంతస్తూ ఒక్కసారిగా ఆయన వైపుకు, ఎడమ పక్కకు తోసుకొచ్చాయి. డెక్కల చప్పుడు, చెక్కలు విరుగుతున్న చప్పుడు. అంత పెద్ద లారీ పుల్లన్న కళ్ళముందే ఆయన మీదికి వంగింది. ఇనుము కీచుమంది. జాకీ పక్కకు ఒరిగి, పలక మీది నుంచి ఎగిరి, రోడ్డంచున పడింది. బండి ధడేలుమని కిందికి దిగింది. ఎర్రమట్టి లేచి ఆ పక్కంతా కప్పేసింది.

పుల్లన్న చేతుల్లోంచి బక్కెట్లు జారిపోయాయి. దుమ్ములో ఆయనకు కనపడినవి రెండు కాళ్ళు. చక్రం ఉండాల్సినచోట, బండి కిందికి చొచ్చుకుపోయిన మనిషి కాళ్ళు. కదలడం లేదు.

"సాబూ!" అని అరిచాడు.  పరుగెత్తబోయాడు, దున్నిన చాలుకు కాలు తట్టుకుంది. చేలోనే కూలబడ్డాడు. చంపేశాను, నా నోటితో చంపేశాను అన్న మాట ఒక్కటే తలలో తిరిగింది. దూరంగా చౌడమ్మ ఎర్ర తువ్వాలు వదిలేసి, గుండెలు బాదుకుంటూ పరుగెత్తి వస్తోంది.

అప్పుడు దుమ్ములోంచి దగ్గు వినిపించింది.

ఒక కాలు కదిలింది. ఆ తర్వాత రెండోది. గఫూర్ మోచేతుల మీద వెనక్కి పాకుతూ బయటికొచ్చాడు. మొహమంతా మట్టి, కుడి మోచేయి గీసుకుపోయి నెత్తురు కారుతోంది. అంతకుమించి ఏమీ లేదు. లేచి కూర్చుని, ముందు తన రెండు చేతులూ కళ్ళముందు పెట్టుకుని చూసుకున్నాడు. పది వేళ్ళూ ఆడించి చూసుకున్నాడు. "అల్లా, నీ దయ," అన్నాడు మెల్లగా. 

చౌడమ్మ వంగి చూసింది. బండి ఇరుసు చెక్కదిమ్మె మీద కూర్చుని ఉంది. దిమ్మె కింద పడుకోబెట్టిన చక్రం ఉంది. ఆ రెండూ అక్కడ లేకపోతే, లోపలి చక్రం కూడా ఊడదీసిన ఇరుసు కొస నేల దాకా దిగేది. భుజం దాకా చెయ్యి లోపల పెట్టి, తల ఆనించి పని చేస్తున్న మనిషి దాని కింద ఉండేవాడు. చౌడమ్మకు ఇది ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. "తల్లీ, బతికించినావు," అని ఆ దిమ్మెకే చేతులు జోడించింది.

పుల్లన్న పాక్కుంటూ వచ్చినట్టు వచ్చి గఫూర్ కాళ్ళ మీద పడ్డాడు.

"కొట్టు సాబూ. చెప్పు తీసుకొని కొట్టు."

గఫూర్‌కు కోపం రాలేదనుకోకండి. వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి, చెయ్యి కూడా పైకి లేచింది. "చెప్పినా గదప్పా నీకు! చిలక్కు చెప్పినట్ల చెప్పినా గదా! ఇంట్లో నా పెండ్లాం..." అని ఆగిపోయాడు. లేచిన చెయ్యి దించి పుల్లన్న భుజం మీద వేశాడు. "లెయ్యి. నా తప్పూ ఉండాది. నువ్వు దించనంటే నేను జాకీ ముట్టకుండా కూర్చోవాల్సింది. లెయ్యి, కాళ్ళిడువు. జీవాలు చస్తాండాయి, ఇప్పుడన్నా దించు."

ఆ నూటపదిలో ఒక్కదాన్ని కూడా దించనన్న పుల్లన్న ఈసారి తనే ముందు లేచాడు. గఫూర్ దిమ్మె చుట్టూ ఇంకా రాళ్ళు పేర్చి, తోసి చూసి, కదలడం లేదని తేల్చుకున్నాడు. లోపలికి ఎవరూ ఎక్కవద్దన్నాడు. ముగ్గురూ వెనకవైపే నిలబడి తలుపు దించి, రెండు పొడవాటి పలకలు లాగి నేలకు ఏటవాలుగా ఆనించారు. గఫూర్ వెనక్కి నడిచి నడిచి, ముప్పై అడుగులు పోయి నిలబడ్డాడు.

"ఇప్పుడు పిలువన్నా. నేను దూరంగా ఉండాను. నీకు కనపడతాండానా? పిలువు."

పుల్లన్న నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.  మళ్ళీ ప్రయత్నించాడు, గాలి వచ్చింది గానీ పిలుపు రాలేదు. చిన్నప్పుడు వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్న పిలుపు, జ్వరంలో కలవరించిన పిలుపు, ఆ నిమిషాన నోట్లోంచి బయటికి రాకుండా మొండికేసింది. ఆయన తిరిగి గఫూర్ వైపు చూశాడు. గఫూర్ నెత్తుటి చెయ్యి పైకెత్తి, ఫర్వాలేదన్నట్టు ఊపాడు. ఆ చెయ్యి అట్లా ఊగడం చూశాకే పుల్లన్న గొంతు కాస్త విడింది.

బలహీనంగా, పసిబిడ్డను లేపినట్టు పిలిచాడు. చాలింది వాటికి. తెల్లమచ్చ గొర్రె ముందు దిగింది, దాని వెనక ఒక్కొక్కటిగా మిగతావి. చీనీ తోట వైపు ఒక్కటి పోలేదు. ఒక్క చూడి గొర్రె కడుపుకు దెబ్బ తగల్లేదు. దిగినవన్నీ వచ్చి చౌడమ్మ చుట్టూ, బండి నీడలో మూగాయి. పుల్లన్న చూపులు నేల మీదికి దిగాయి. దేనికి భయపడి దించనన్నాడో ఆ రెండూ జరగలేదు.

పైగా కింది అంతస్తులో అట్టడుగున నాలుగు జీవాలు కూలబడి ఉన్నాయి. మిగతావాటి కాళ్ళ మధ్య, గాలాడక, బయటికి కనపడకుండా పడి ఉన్నాయి. బండి తేలికపడ్డాక ముగ్గురూ వాటిని కాళ్ళు పట్టి బయటికి లాగారు. తోటలోంచి మళ్ళీ నీళ్ళు తెచ్చి చౌడమ్మ మూతుల మీద చల్లింది. మూడు లేచి నిలబడ్డాయి. నాలుగోది చాలాసేపు లేవలేదు. అది కూడా చివరికి చెవులు ఆడించి, ముందుకాళ్ళు ఊతం చేసుకుని లేచింది.

"ఇంగో అర్ధగంట లోపలే ఉంటే ఈ నాలుగూ ల్యావు," అంది చౌడమ్మ. ఆమె గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "సాబు ముందే చెప్పినాడు దించమని. మనకు చెవులుండీ ఏం లాభం?"

 పుల్లన్న భుజం మీది తువ్వాలు తీసి, నోటికి అడ్డంగా కట్టి, వెనక గట్టిగా ముడేసుకున్నాడు. గఫూర్ అది చూసి, ఇంత జరిగాక కూడా పకపకా నవ్వాడు.

"అదేందన్నా?"

మూతికట్టు లోంచే పుల్లన్న ఏదో అన్నాడు. నీ పని అయ్యేదాకా దీన్ని విప్పనని ఆ మాటకు అర్థం.

బరువు దిగిన బండిని జాకీ ఈసారి సులువుగా ఎత్తింది. గఫూర్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. పలక వేశాడు, తొక్కి చూశాడు, తీసి మళ్ళీ వేశాడు. ఈసారి ఆ పలక కింది మట్టిని పుల్లన్నే తన చేతుల్తో చదును చేశాడు. దిమ్మె సరిగ్గా ఇరుసు కిందే ఉందో లేదో రెండుసార్లు వంగి చూసి, ఇంకాస్త లోపలికి తోశాడు. స్టెప్నీ లోపలి చక్రంగా ఎక్కింది. దిమ్మె తీసి, కింద పడుకోబెట్టిన చక్రాన్ని లాగి బయట బిగించారు. ఒక నట్టు బిగించాక పక్కది కాకుండా ఎదురుగా ఉన్నది బిగిస్తున్నాడు గఫూర్. ఎందుకని పుల్లన్న అడగలేదు. ఆ మనిషి చేస్తున్నాడంటే దానికొక కారణం ఉంటుందని ఆయనకు తెలిసొచ్చింది. ఆ గీసుకుపోయిన మోచేయి వంక చూసినప్పుడల్లా మాత్రం, బతికున్నాడు, బతికున్నాడు అని లోపల్లోపల లెక్కలేనన్నిసార్లు అనుకుంటూనే ఉన్నాడు.

అప్పుడు క్యాబిన్‌లో ఫోను మోగింది.

"పుల్లన్నా, కొంచెం ఎత్తప్పా. నా చేతులు గ్రీసులో ఉండాయి. నా పెండ్లాం జుబేదా అయ్యుంటాది. టైరు మారుస్తాండాడు, మళ్ళా చేస్తాడని చెప్పు."

పుల్లన్న పోయి, మెట్టెక్కి ఫోను తీశాడు. మూతికట్టు కిందికి లాక్కున్నాడు.

"ఏమయ్యా, యాడికి చేరినారు? పొద్దున టీ నీళ్ళు తాగి పోతివి. ఏమన్నా తిన్నావా ల్యాదా?" అని గలగలా అడిగింది అవతలి గొంతు.

"అమ్మా... నేను పుల్లన్నను. గొర్రెలాయన్ను."

 ఆమె గొంతు ఒక్కసారిగా మారిపోయింది.

"ఆయన ఫోను నువ్వెందుకు ఎత్తినావన్నా? ఆయన యాడ? ఆయనకేమైంది?"

పుల్లన్న తలుపు గట్టిగా పట్టుకున్నాడు.  ఆ దిమ్మె లేకపోయుంటే, ఇదే ఫోను మోగినప్పుడు ఎత్తాల్సింది తనే. ఇదే ప్రశ్న అడిగేది ఈ తల్లి. అప్పుడు తను ఏమని చెప్పేవాడు? ఏ నోటితో చెప్పేవాడు? ఆయన కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"ఏమీ కాలేదమ్మా. ఉండాడు. ఈడే ఉండాడు. టైరు పగిలింటే మారుస్తాండాడు. చేతులకు గ్రీసుండాది, అందుకని నన్నెత్తమన్నాడు."

"మరి నువ్వెందుకన్నా ఏడుస్తాండావు?"

అక్కడితో ఏదో ఒకటి చెప్పి పెట్టేసి ఉండొచ్చు. పుల్లన్నకు అట్లా చేతకాలేదు. ఆమెకు చెప్పకుండా దాస్తే తిన్న అన్నం ఇక ఒంటికి పట్టదనిపించింది. దించమంటే దించలేదన్నాడు. రావద్దంటే వచ్చానన్నాడు. పిలిచానన్నాడు. బండి పడిందన్నాడు. ఆయన ముందుజాగ్రత్తగా పెట్టుకున్న చక్రమూ దిమ్మే ఆపాయన్నాడు. "ఆయన్ను నేను పిరికోడంటినమ్మా. ఆ పిరికితనమే నిన్నూ నన్నూ ఇద్దర్నీ కాపాడింది. నువ్వు ఎన్ని మాటలన్నా పడతా. నా జన్మంతా మీ ఇంటికి రుణపడి ఉంటా," అన్నాడు.

 "నిన్ను అనేదానికి నాకిప్పుడు నోరు రావడం లేదన్నా," అంది జుబేదాబీ. "చెప్పినావు, మంచిదే. ముందు ఆయన గొంతు వినల్ల నేను. వినిపించు."

పుల్లన్న మెట్టు మీది నుంచి దూకి, వెనకవైపుకు పరుగెత్తాడు. గఫూర్ చివరి నట్టు మీద పానా బిగించి, దాని కడ్డీ మీద కాలు పెట్టి తొక్కుతున్నాడు. పుల్లన్నను చూడకుండానే అరిచాడు.

"యాడికి పోయినావప్పా? ఒక మాట చెప్పి రమ్మంటే సంసారమంతా మాట్లాడతాండావా? ఆ రాళ్ళు ఎవరు తీస్తారు, మీ తాత తీస్తాడా? రోడ్డు మీద ఇడిసి పోతే వెనకొచ్చే బండోడు సావడా?"

ఫోనులోంచి సన్నగా ఏడుపో నవ్వో వినపడింది. పుల్లన్న గఫూర్‌కు ఇంకా దగ్గరగా పోయి, ఫోను పట్టుకున్న చేతిని ఆయన మొహం ముందుకు చాచాడు.

"ఇంగా తిట్టు సాబూ," అన్నాడు, కళ్ళు తుడుచుకోకుండానే. "గట్టిగా తిట్టు. అమ్మ వింటాంది."